బంతి కనబడకపోతే

ట్రాక్టరుకి మోవరు తగిలించి
మూడు రోజులు నున్నగా గొరిగాను నూట అరవై ఎకరాలు.
ఈ కంచె నుంచి ఆ కంచెకి చూపు జారిపోయింది.
ఎంత శుభ్రంగా ఉందో చూడమని
ఎల్డన్ హార్గిస్‌ని పిలిచాను.
ఆయన పికప్పు దిగలేదు.
అద్దం దించి, ఒకసారి చూసి,
"గోల్ఫ్ ఆడతావా?" అన్నాడు.

ఆ వసంతంలో కౌజు కూయలేదు.
రెండు మెట్ల ఆ ఈల,
కిందది మెల్లగా, పైది నిటారుగా,
ఓక్లహామా పడమటి కొసన ఎర్రనేలకి
గడియారంలాంటిది.
మే నెలంతా గడియారం ఆగిన ఇంట్లో ఉన్నట్టే ఉన్నాను.

మరుసటేడు కుట్లూడిన సాఫ్ట్‌బాల్ ఒకటి పట్టుకొచ్చాడు,
మనవరాలు ఆడి పారేసింది.
"ఈ ప్లమ్ పొద దగ్గర నిలబడి
ఆ పొదకి విసురు.
నీ బంతికి అందని దూరం
కౌజు రెక్కకీ అందదు.
మధ్యలో గద్ద కాచుక్కూచుంటుంది."
విసిరాను.
సగం దారిలో పడి,
నేను నరికిన మోళ్ళ మీద ఎగిరెగిరి దొర్లింది.

"ఇప్పుడు గడ్డిలోకి."
పదడుగుల అవతల తెల్లగా మెరుస్తూనే ఉంది.
"బంతి కనబడిందంటే గుడ్లూ కనబడతాయి,
పాముకి, స్కంకుకి."

తర్వాత బోర్లా పడుకోమన్నాడు.
యాభై రెండేళ్ళ వాణ్ణి,
గడ్డం మట్టికి ఆనించి.
"నీ ఎత్తు ఆరంగుళాలు. నీ వెనక పిల్లలు,
ఒక్కొక్కటీ బొటనవేలంత. ఎటు పోతావ్?"
బెర్ముడా గడ్డి చాపలా అల్లుకున్న వైపు
దారే లేదు.
దాని మంచులో తడిసిన పిల్ల మళ్ళీ ఆరదట.
కంచె మూల, మోవరు తిరగని చోట,
ఆవులు తొక్కి మట్టి తేలిన జానెడు సందులున్నాయి,
పైన రాగ్‌వీడ్ పందిరి,
ఆకుల నిండా పురుగు.
కింద వీధి, పైన పందిరి.
నేను సిగ్గుపడే మూల అదొక్కటే.

ఆగస్టులో థర్మామీటరు తెచ్చాడు.
బట్టనేల మీదా, పొద కిందా పెట్టి
రెంటికీ ముప్పై డిగ్రీల తేడా చూపించి
ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

జనవరిలో మంచుపెళ్ళల మధ్య
పళ్ళెమంత వలయంలో రెట్టలు.
రాత్రి తోకలన్నీ లోపలికి, ముక్కులన్నీ బయటికి
ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్నాయి.
చేతికర్రతో లెక్కపెట్టాడు: ఏడు.
"పన్నెండుంటే ఈ చలి దాటేవి," అన్నాడు.
ఆ వలయాన్ని మళ్ళీ చూడలేదు మేం.

మోవరు షెడ్డులోకి పోయింది.
మార్చిలో గాలి పడ్డాక ఒక ముక్క తగలబెడతాం,
పక్క ముక్క వదిలేస్తాం.
కో-ఆప్ కొట్లో లోరెట్టా అడిగింది,
"ఒంట్లో బావుండట్లేదా? పొలం అలా పడిపోయిందేం?"
నడుంనొప్పి అని చెప్పాను.

ఆరో ఏట నవంబరు.
ఎల్డన్ మోకాళ్ళు ఇక నడవనివ్వక పికప్పులో కూచున్నాడు.
ఆయన కుక్క టాన్సీ పరిగెత్తి పరిగెత్తి
ఉన్నట్టుండి కొయ్యబారింది,
ఒక కాలు గాల్లోనే.
అడుగేశాను.
నేల చిటపటా పగిలి ఆకాశంలోకి పోయింది.
పద్నాలుగో, పదహారో!
తుపాకీ ఎత్తడం ఆలస్యమైంది.
ఒక్కటే పడింది.

పికప్పు వెనక తలుపు మీద
దాని గొంతు కింది మేతసంచి కోశాడు ఎల్డన్.
రాగ్‌వీడ్ గింజలు, సుమాక్ పళ్ళు,
ఏదో అడవిచిక్కుడు,
మిడత కాలొకటి.
వేలితో విడదీస్తూ అడిగాడు:
"ఇందులో నువ్వు నాటిందేదైనా ఉందా?"

గింజల్ని రుమాల్లో కట్టి నా జేబులో పెట్టాడు.
నేను మర్చిపోయి చొక్కా ఉతికేశాను.

ఇప్పుడు వాషింగ్ మెషీను నీళ్ళు పోయేచోట
మోకాలెత్తు రాగ్‌వీడ్ లేచింది,
సరిగ్గా షెడ్డు తలుపుకెదురుగా.
లోరెట్టా ఆదివారం వస్తానంది.